కిటికీకి బిరడా

1973లో రెండు సంగతులు జరిగాయి. ఆ మే నెలలో భద్రాచలంలో ఎండ 48.6 డిగ్రీలకు ఎక్కింది. వాతావరణ శాఖ పుస్తకాల్లో ఆ అంకె ఇప్పటికీ ఉంది. అదే ఏడాది అక్టోబరులో అరబ్బు దేశాలు అమెరికాకు చమురు ఆపేశాయి. చలి దేశాల వాళ్ళు ఉలిక్కిపడ్డారు. డబ్బు పోసి కాచుకున్న వెచ్చదనం ఏ సందున జారిపోతోందా అని తలుపులూ కిటికీలూ తడుముకోవడం మొదలుపెట్టారు. 1976లో అమెరికా ప్రభుత్వం పేదల ఇళ్ళకు సందులు పూడ్చిపెట్టే పథకమే తెచ్చింది. బయట మంచు, లోపల పొయ్యి. వాళ్ళకది బతుకు సమస్య, కాదనడానికి లేదు.

నా పేచీ అల్లా ఒకటే. అక్టోబరు జబ్బుకు నూరిన మందును తెచ్చి మే నెల రోగి గొంతులో పోస్తున్నారు.

ఖమ్మం వైరా రోడ్డు మీద అడగండి, కొత్తగూడెంలో అడగండి, సారపాకలో కొత్తిల్లు కడుతున్న ఎవరినైనా అడగండి, ఇదే పాట. "కరెంటు బిల్లు తగ్గాలా? పాత చెక్క కిటికీలు పీకించి యూపీవీసీ పెట్టించండి. సందుల్లో సిలికాన్ కొట్టించండి. తలుపు కింద రబ్బరు పట్టీ వేయించండి. ఇల్లు ఫ్లాస్కులా ఉంటుంది." అమ్మేవాళ్ళు అంటే వ్యాపారం అనుకుని వదిలేయొచ్చు. చదువుకున్నవాళ్ళు, ప్లాన్లు గీసేవాళ్ళు కూడా అదే అంటున్నారు. ఫ్లాస్కు పోలిక మాత్రం వాళ్ళకు తెలియకుండానే నిజం చెప్పేస్తోంది. ఫ్లాస్కు దేన్నీ చల్లబరచదు. పోసినదాన్ని పోసినట్టే ఉంచుతుంది. మే నెలలో పొద్దున ఏడింటి నుంచి సాయంత్రం ఆరింటి దాకా మన ఇంట్లోకి పోసేది ఎండని. దానికి రాత్రిపూట మూత బిగిస్తే దక్కేదేమిటో వేరే చెప్పాలా?

నేను ఒడ్డున కూర్చుని మాట్లాడటం లేదు. ఆ ఫ్లాస్కు నేనూ చేయించుకున్నాను. పాల్వంచలో మా ఇంటి ముందు గది పడమటి ముఖం. మా నాన్న పెట్టించిన టేకు కిటికీ: రెండు రెక్కలు, నిలువు చువ్వలు, పైన జానెడు వెంటిలేటరు. మిన్నెసోటాలో ఉండే మా తమ్ముడి కొడుకు ఒకరోజు ఫోన్లో వీడియో పంపి, వెంటనే కాల్ చేశాడు. "పెదనాన్నా, మీ కరెంటు సగం ఆ కిటికీ సందుల్లోంచే పోతోంది. అగరుబత్తి వెలిగించి రెక్క పక్కన పట్టుకుని చూడండి, పొగ ఊగితే లీకున్నట్టే." పట్టుకుని చూశాను. పొగ ఊగడమేమిటి, నాట్యమాడింది. నమ్మేశాను. రెక్కలు అటకెక్కాయి, అద్దాల స్లైడింగ్ వచ్చింది. పనివాడు వెంటిలేటరులో మూడు ఇటుకలు పెట్టి మెత్తేశాడు.

ఆ మేలో ఒక రాత్రి పదింటికి ముందు గదిలో గోడ మీద చెయ్యి పెట్టాను. పెనం దించిన అరగంటకు ఎలా ఉంటుందో అలా ఉంది. బయట వేప కింద ఆకు కదులుతోంది. అద్దానికి అవతల గాలి, ఇవతల మేము. అగరుబత్తి మళ్ళీ వెలిగించి అదే చోట పట్టుకున్నాను. పొగ నిటారుగా, దారం పోగులా లేచింది. పరీక్షలో కిటికీ నెగ్గింది. మేము మంచాలు ఎత్తుకుని బయటికొచ్చాం.

ఎందుకిలా అయిందో తెలుసుకోవడానికి పెద్ద చదువు అక్కర్లేదు, చిన్న గుణకారం చాలు. పదడుగుల పొడవు, వెడల్పు, ఎత్తు ఉన్న గదిలో ఉండే గాలి మొత్తం ఒక డిగ్రీ వేడెక్కితే ఎంత వేడి పట్టుకుంటుందో, ఆ గది మీదున్న నాలుగంగుళాల స్లాబు ఒక డిగ్రీ వేడెక్కితే దానికి యాభై రెట్లకు పైగా పట్టుకుంటుంది. గాలి మోసే వేడి సంచిలో చిల్లర లాంటిది. స్లాబు మోసేది బీరువాలో సొమ్ము. పగలంతా మింగిన వేడిని స్లాబు సాయంత్రం నుంచి మెల్లిగా కిందికి వదులుతుంది. మన మీదికే. దాన్ని బయటికి తోసేయడానికి మన దగ్గర ఉన్న పనిముట్టు ఒక్కటే, తెల్లవారుజామున 28, 29 డిగ్రీలకు దిగే బయటి గాలి. మనం దాని ముఖానే రబ్బరు పట్టీ బిగించాం.

ఇక అద్దం. నాలుగడుగుల చదరం కిటికీ, పడమర, సజ్జ లేదు. మే నెలలో సాయంత్రం నాలుగింటికి అందులోంచి లోపలికొచ్చే ఎండ ఏడెనిమిది వందల వాట్ల వేడి. మంచం పక్కన ఇస్త్రీ పెట్టె ఆన్ చేసి వదిలేసినట్టు లెక్క. అద్దం ఎంత బిగువుగా కూర్చుందో ఎండకు అనవసరం. అది సందులోంచి రావడం లేదు, ఎదురుగా దర్జాగా వస్తోంది. లోపల పరదా వేశామంటారు. పరదా కాగుతుంది, ఆ కాక గదిలోనే ఉంటుంది. ఎండను ఆపాలంటే అద్దానికి బయటే ఆపాలి. సజ్జ, తడిక, చూరు, తాటాకు, నర్సరీల్లో కట్టే గ్రీన్ షేడ్ నెట్టు ముక్క, ఏదైనా సరే. శ్రీరామనవమికి భద్రాచలంలో తాటాకు చలువ పందిళ్ళు వేసేవాడికి ఇది పుట్టుకతో తెలుసు. పడమటి గోడ నిండా అద్దం గీసే మనిషికే ఎవరో చెప్పాల్సి వస్తోంది.

ఇక్కడ ఒకరు చెయ్యెత్తుతారు. "మరి ఏసీ గది సంగతేంటి సార్?" న్యాయమైన ప్రశ్న. ఏసీ నడిచే గదికి సందులు ఉండకూడదు. పాత విండో ఏసీ తీసేసిన చోట అట్టముక్క అడ్డం పెట్టి, వెంటిలేటరు తెరిచి ఉంచి, తలుపు కింద రెండు వేళ్ళ సందు వదిలి స్ప్లిట్ ఏసీ నడిపేవాళ్ళను నేను చూశాను. వాళ్ళు సందులు మూసుకోవాల్సిందే, అది ఈ పూటే చేయాల్సిన పని. కానీ ఎంత మిగులుతుందో కూడా లెక్క కడదాం. బయట 42, లోపల 26. సందుల గుండా గంటకు ఒకసారి గది గాలి మొత్తం మారిందనుకుంటే లోపలికొచ్చే వేడి నూట యాభై వాట్లు. పైగా గాలిలో తేమ కొంత. అందులో మూడింట రెండు వంతులు ఆపారనుకోండి. ఏసీ ఒక యూనిట్ కరెంటుతో మూడు యూనిట్ల వేడిని తోడేస్తుంది కాబట్టి, రోజుకు ఎనిమిది గంటల చొప్పున నెలకు మిగిలేది ఏడెనిమిది యూనిట్లు. తేమను కలిపి ఇంకో నాలుగు వేసుకోండి, నాకేం పోయింది.

ఇప్పుడు ఇటు చూడండి. ఇంట్లో మూడు పాత ఫ్యాన్లు తీసి బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే ఒక్కోదానికి నలభై వాట్లు తగ్గుతుంది. రోజుకు పదిహేను గంటలు తిరిగితే నెలకు 54 యూనిట్లు. ఏసీ మీద ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం కరెంటు ఆదా అని ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ ఎన్నేళ్ళుగానో చెబుతోంది. దానికి మేస్త్రీ అక్కర్లేదు, రిమోట్ మీద బొటనవేలు చాలు. గృహజ్యోతి పథకం వచ్చాక మన జిల్లాల్లో కరెంటు ఆదాకు అర్థం కూడా మారింది. 200 యూనిట్ల లోపు అయితే సున్నా బిల్లు, గీత దాటితే మొత్తం కట్టాలి. మేలో ఆ గీత దగ్గర తచ్చాడే కుటుంబాలకు 54 యూనిట్లు ఎంతో ఎవరినడిగినా చెబుతారు. అలాంటి ఇంటి ఇల్లాలికి ముందు కిటికీలు మార్చుకోమని చెప్పడం ఎండాకాలంలో గొడుగు అమ్మాల్సినవాడు స్వెట్టరు అమ్మడమే.

అసలు ఖమ్మం, కొత్తగూడెం, భద్రాచలం వీధుల్లో ఎక్కువ ఇళ్ళను చల్లబరిచేది ఏసీ కాదు, కూలరు. ఈ ఒక్క ముక్క చాలు, సీలు వాదం మొత్తం కూలడానికి. కూలరు బయటి పొడిగాలిని తడి గడ్డిలోంచి లాగి గదిలోకి కొడుతుంది. ఆ గాలి ఇంకో దారిన బయటికి పోవాలి. పోకపోతే అరగంటలో గది తడిగుడ్డ మూట అవుతుంది. దిండు, దుప్పటి, ఒళ్ళు అన్నీ చెమ్మగిల్లుతాయి. "కూలర్ పనిచేయట్లేదు" అని మెకానిక్కును పిలిచేవాళ్ళలో సగం మందికి కావాల్సింది మెకానిక్కు కాదు, ఎదుటి కిటికీ తెరిచే మనిషి. మిర్చి బస్తా గోనెపట్టా తడిపి కిటికీకి వేలాడదీసిన మా అమ్మకు ఈ సూత్రం తెలుసు. వాకిట్లోంచి గాలి వచ్చి, పెరటి గుమ్మంలోంచి పోవాలి. పెరటి తలుపు ఎవరైనా వేస్తే అరిచేది.

కేటీపీఎస్ కరెంటు కర్మాగారం పక్కన పుట్టి పెరిగినవాళ్ళం మేము కూడా ఇది మరిచిపోవడం సిగ్గుచేటు. 2024 ఆగస్టులో పాల్వంచలో పాత కర్మాగారం కూలింగ్ టవర్లు ఎనిమిదింటిని పేల్చి కూల్చినప్పుడు ఊరంతా మేడలెక్కి చూసింది. దశాబ్దాలుగా మా ఆకాశంలో సగం అవే. అవి ఏమిటి? భారీ కూలర్లే కదా. అడుగున చుట్టూ గాలి జొరబడేందుకు ఖాళీ, లోపల ధారగా పడే వేడినీళ్ళు, పైన నోరు తెరిచిన గొట్టం. ఆ అడుగు ఖాళీని ఎవరైనా "లీకు" అనుకుని సిమెంటుతో మూసి ఉంటే కర్మాగారం ఆ పూటే ఆగిపోయేది.

తలుపు కింద రబ్బరు పట్టీ గురించి ఒక మాట చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. మన ద్వారబంధానికి నాలుగు చెక్కలుండేవి. రెండు నిలువు, పైన ఒకటి, కింద గడప. గడప ఉన్నది పసుపు రాసి బొట్లు పెట్టడానికే అనుకున్నారేమో, ఆ నాలుగో చెక్క పని వేరే ఉంది. తలుపు దాని మీదికి వచ్చి ఆనేది. దుమ్ము, వాన నీళ్ళు, పురుగూ పుట్రా అక్కడ ఆగేవి. ఇప్పుడు లోపలి గదులకు మూడు చెక్కలే. నేను కార్పెంటరును అడిగాను, నాలుగోది ఎందుకు మానేశారని. "సార్, తుడుపు కర్ర తగులుతుందంటారు ఆడవాళ్ళు. ముసలోళ్ళు తన్నుకుని పడతారంటారు. చెక్క ఖర్చు కూడా తగ్గుద్ది కదా." సరే, అవీ కారణాలే. పైగా గోదావరి పొంగే నెలల్లో చెక్క ఉబ్బుతుంది కాబట్టి కార్పెంటరు తలుపు కింద అరంగుళం వదులుతాడు. గడప ఉన్నన్నాళ్ళు ఆ అరంగుళం కనపడలేదు. గడప తీశాక అది సందు అయింది. సందు కనపడ్డాక దానికి పట్టీ అమ్మడానికి మనిషొచ్చాడు. మనదాన్ని మన చేత తీయించి, మనకే తిరిగి అమ్ముతున్నారు.

స్లైడింగ్ సంగతీ అంతే. రెండు పలకల స్లైడింగ్ కిటికీ జన్మలో సగానికి మించి తెరుచుకోదు. ఒక పలక ఇంకోదాని వెనక్కి పోవాల్సిందే కదా. పదహారు చదరపుటడుగుల కిటికీకి డబ్బు కట్టి ఎనిమిది చదరపుటడుగుల గాలి కొనుక్కుంటున్నాం. చెక్క రెక్కలు గోడకు ఆనేంత బార్లా తెరుచుకునేవి. కేంద్రం 2018లో ఇళ్ళ కోసం తెచ్చిన ఎకో నివాస్ సంహిత చదవండి. ఇంధనం ఆదా చేయడానికి రాసిన ఆ పుస్తకం అడిగే మొదటి సంగతుల్లో కిటికీ ఎంత తెరుచుకుంటుందనేది ఒకటి. తెరుచుకునే మేర నేల విస్తీర్ణంలో కనీసం ఇంత ఉండాలని అందులో ఉంది. పొడి వేడి ప్రాంతాల్లో 10 శాతం, మిశ్రమ వాతావరణంలో 12.5, ఉక్కపోత ప్రాంతాల్లో 16.66. రెండు పలకల స్లైడింగును అది కూడా సగంగానే లెక్కేస్తుంది. మన దుకాణాల్లో మాత్రం స్లైడింగు పెట్టడమే ఆధునికం, రెక్కల కిటికీ అడిగితే పల్లెటూరి బైతు.

మా వీధిలో వాళ్ళు నాతో వాదించేటప్పుడు కరెంటు మాట ఎత్తరు, కోతుల మాట ఎత్తుతారు. ఇది నాకు నచ్చుతుంది, ఎందుకంటే ఇదే నిజాయితీ గల వాదం. "కిటికీ తెరిస్తే అన్నం గిన్నెతో సహా ఎత్తుకుపోతుందన్నా, మీరు చెబుతారు." నిజమే. కోతులు, దోమలు, మణుగూరు, ఇల్లెందు దారుల్లో బొగ్గు దుమ్ము, పాల్వంచలో బూడిద, అడవి అంచు ఊళ్ళలో పాములు. డెంగీ, మలేరియా ఏజెన్సీలో మాటవరసకు చెప్పుకునే జబ్బులు కావు. రాత్రి కిటికీ తెరవమని చెప్పేవాడు వీటికి జవాబు చెప్పాకే చెప్పాలి. జవాబు ఉంది. చువ్వలకు లోపల దోమల జాలి చట్రం, విడిగా తీసి కడిగేట్టు. కోతి లాగలేని గట్టి ఇనప మెష్ బయట. జాలి గాలిని కొంత ఆపుతుంది, కాబట్టి కిటికీ ఇంకా పెద్దగా, బార్లా తెరుచుకునేదై ఉండాలి. తలుపు కింద సందు మూయండి, తప్పకుండా మూయండి. కాకపోతే తేలు కోసం మూస్తున్నామని చెప్పండి, మీటరు కోసం అనకండి. దుమ్ము రేగే పగటిపూట కిటికీ మూసే ఉంచాలి, ఎండ వేడిని ఆపడానికి కూడా అదే మంచిది. నేను అడిగేది రాత్రి గురించి. పగలు మూసి రాత్రి తెరిచే వస్తువు పేరు కిటికీ. ఎప్పుడూ మూసే ఉండేదాన్ని గోడ అంటారు.

యూపీవీసీని కూడా నేను తిట్టడం లేదు. చెదలు పట్టదు, వానకు ఉబ్బదు. 2022 జులైలో గోదావరి 71.3 అడుగులు వచ్చి దిగిపోయాక భద్రాచలం పల్లపు వీధుల్లో ఉబ్బి మూసుకోని చెక్క తలుపులు ఎన్నో. ఆ యూపీవీసీతోనే రెక్కల కిటికీ చేయమనండి, చేస్తారు. అడిగేవాడు లేక చేయడం లేదు.

దుమ్ముగూడెం, చర్ల వైపు కోయ గూడేల్లో పాత ఇల్లు చూస్తే సీలు వాదులు మూర్ఛపోతారు. వెదురు తడిక మీద మట్టి, పేడ మెత్తిన గోడ. అది కప్పు దాకా పోదు, మధ్యలో బెత్తెడు ఖాళీ. కిటికీ లేదు. నడుము వంచితే గానీ దూరలేని గుమ్మం, చూరు నడుము దాకా దిగి గోడకు ఎండ తగలనివ్వదు. గడ్డి కప్పు పగలంతా కాగినా వేడిని దాచుకునే బరువు దానికి లేదు, పొద్దుగూకితే చల్లారుతుంది. పొయ్యి పొగ పైఖాళీలోంచి పోతూ పోతూ దోమను కొంత తోలుతుంది. పర్ణశాల అని ఊరికే అనలేదు, రాముడు అక్కడ స్లాబు కింద పడుకోలేదు. ఆ గుడిసెను నేను మోయడం లేదు. లోపల చీకటి, వానకు కారుతుంది, నిప్పురవ్వకు ఆగదు. అందులో ఉండేవాళ్ళే స్లాబు ఇల్లు కావాలంటున్నారు, అది వాళ్ళ హక్కు. 2024 మార్చి 11న ఇందిరమ్మ ఇళ్ళ పథకాన్ని ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి మొదలుపెట్టింది భద్రాచలంలోనే. ఇంటికి 5 లక్షలు, కట్టుకునేది లబ్ధిదారే. నాలుగొందల చదరపుటడుగుల ఇంట్లో నెత్తి మీదంతా స్లాబే. ఆ ఇంటి వేడిలో కిటికీ సందు వాటా ఎంతని చెప్పుకుంటాం?

అంతకు ముందు ఏడాదే, 2023 ఏప్రిల్‌లో, రాష్ట్రం కూల్ రూఫ్ విధానం ప్రకటించింది. 600 గజాలు, ఆ పైన స్థలంలో కట్టే ఇళ్ళకు తెల్లకప్పు తప్పనిసరి. చిన్న స్థలంలో కట్టుకునేవాడికి ఇష్టం. వరుస తిరగబడిందని నా అభిప్రాయం. 600 గజాల వాడికి పైన ఇంకో అంతస్తుంటుంది, ఏసీ ఉంటుంది. మే నెలలో స్లాబు తాపం నేరుగా తినేది అరవై గజాల వాడు. వాడికి చెప్పాల్సింది ఇంతే: సున్నంలో కాస్త ఫెవికాల్ కలిపి మార్చిలో స్లాబు మీద రెండు పూతలు కొట్టు, పడమటి కిటికీకి సజ్జ పొయ్యి, ఎదురెదురుగా రెండు కిటికీలు రెక్కలవి పెట్టి జాలి బిగించు, వెంటిలేటరు పూడ్చకు. ఇంత చేశాక డబ్బులు మిగిలి, ఏసీ కొన్నరోజున, ఆ ఒక్క గదికి రబ్బరు కొనుక్కో.

మా ఇంట్లో వెంటిలేటరు ఇటుకలు తీయించేశాను. అటక మీంచి టేకు రెక్కలు దించితే ఒకదాని అంచు చెదలు తినేసి ఉంది. కార్పెంటరు అంత మేర కోసి కొత్త చెక్క అతికించాడు. ఆ ముక్క రంగు తేడా తెలుస్తూనే ఉంటుంది. బయట మూడడుగుల సజ్జ పోయించాను. తీసేసిన స్లైడింగ్ చట్రం పెరట్లో కోళ్ళ గూటికి తలుపయింది, పిల్లికి బొత్తిగా అందదు. వీధి తలుపు కింద రబ్బరు పట్టీ మాత్రం అలాగే ఉంచాను. కిందటి వానాకాలం ఒక తెల్లవారుజామున తలుపు తీస్తే, పట్టీకి అవతలి పక్క తేలు ఒకటి గోడ వెంట వెనక్కి తిరిగి పోతూ కనిపించింది.